నలభై గుర్రాల పడవలో ముందు పీట

నా చిన్నప్పుడు మా ఊళ్ళో మనిషి విలువను హార్స్ పవర్లో కొలిచేవాళ్ళు. బావిలో మూడు హెచ్‌పీ మోటారున్నవాడు ఎవరింటికైనా పోతే వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపేవాళ్ళు. ఐదు హెచ్‌పీ వాడికి మంచం వాల్చేవాళ్ళు. ఏడున్నర వాడొస్తే మంచం మీద దుప్పటి పరిచి, దుప్పటి మీద దిండు వేసి, మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అని ఇంటావిడే బయటికొచ్చి కనుక్కునేది. పెళ్ళిమాటల్లో పిల్లవాడి చదువు, రంగు, గుణం అన్నీ అయిపోయాక ఆడపిల్ల తండ్రి గొంతు తగ్గించి, "మోటారు ఎంత?" అనేవాడు. ఆ బావిలో నీళ్ళున్నాయా అని మాత్రం ఎవరూ అడగగా నేను వినలేదు. ఆత్మకూరు దాటి అనంతసాగరం మీదుగా సోమశిల వైపు పోయే మా ప్రాంతంలో నీళ్ళు దేవుడి చేతిలోవి, మోటారు మనిషి చేతిలోది. లేనివాటి గురించి అడిగి పెద్దమనిషిని బాధపెట్టడం మర్యాద కాదు.

మా అవ్వ వాళ్ళది ఏడున్నర ఇల్లు. అవ్వ అంటే అమ్మ వాళ్ళమ్మ. మా నాయన లారీ మీద దేశాలు తిరుగుతూ ఉంటే అమ్మా నేనూ అవ్వ దగ్గరే ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో ఇంకొక మనిషి మా మామ, అమ్మకు తమ్ముడు. మీసం మొలవకముందే ఏడున్నర హోదా అనుభవించినవాడు కాబట్టి నడక ఎప్పుడూ ఛాతీని ముందు పంపి, తను తర్వాత వచ్చినట్టు ఉండేది.

అయితే డ్యాం నీళ్ళు వచ్చి మా చేనును, చేలోని బావిని, బావిలోని ఏడున్నరను ఒకే గుటకలో మింగేశాయి. ఊరంతా లేచి మిట్ట మీద కాలనీ అయింది. సజ్జలు పండించినవాళ్ళు వలలు అల్లడం నేర్చుకుని, తమ సొంత పొలాల మీద తేలుతూ బొచ్చెలూ కొర్రమీన్లూ పట్టడం మొదలుపెట్టారు. చేను పోయినందుకు మామ ఏడవలేదు. మోటారు పోయినందుకు మాత్రం మూడు గ్రామాలకు వినపడేలా ఏడ్చాడని, ఆ ఏడుపుకు నీటిమట్టం కొంచెం పెరిగిందని మా కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ గాయం మీద కారం చల్లినవాడు మా ఎదురింటాయన. పాత ఊళ్ళో ఆయన మూడు హెచ్‌పీ మనిషి. మా అరుగు మీద కూర్చునే ధైర్యం కూడా ఎప్పుడూ చేసినవాడు కాదు. అట్లాంటివాడు కృష్ణపట్నం వైపు నుంచి ఒక పడవ మోటారు తెచ్చి తన నావకు తగిలించాడు. పదిహేను హెచ్‌పీ. అది మొదటిసారి నీళ్ళమీద బుర్రుమన్న పొద్దున, తెడ్డు వేసుకుంటూ పోతున్న మామ నావ ఆ అలకు ఊగింది. నావ ఆగినా మామ చాలా రోజులు ఊగుతూనే ఉన్నాడు.

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి. కొంచెం చెప్తే సరిపోయే శరీరం కాదు గానీ ప్రయత్నిస్తాను. నేను లావుగా ఉండేదాన్ని. ఆత్మకూరు వెళ్ళే షేర్ ఆటోవాళ్ళు ముందు నన్ను ఏ పక్క కూర్చోబెట్టాలో తేల్చుకుని, తర్వాతే అవతలి పక్కకు మనుషుల్ని పిలిచేవాళ్ళు. బడిలో ఫోటో తీస్తే నా వెనక వరస పిల్లల కుటుంబాలు తమవాళ్ళు ఫోటోలో లేరని గొడవకు వచ్చేవి. మామ నన్ను పేరు పెట్టి పిలవగా నేనెరగను. "బస్తా" అనేవాడు. ప్రేమ పొంగిన రోజు "వరిబస్తా", కోపమొస్తే "తడిసిన బస్తా". బస్సులో సీటు పట్టడానికి మాత్రం నన్ను తప్పకుండా తీసుకుపోయేవాడు. నేనొక్కదాన్ని కూర్చుంటే ఇద్దరి చోటు దొరికేది. మోటారు కొనడానికి ఆత్మకూరు పోయిన రోజు నేను వెంట ఉన్నది అందుకే.

ఆ దుకాణంలో పాత మోటార్లు అమ్మేవాళ్ళు. దుకాణదారుడు అటు బావులకూ ఇటు పడవలకూ మోటార్లు తెచ్చి, మరమ్మతు చేసి అమ్మేవాడు. చెవిలో పెన్సిలు, నోట్లో అబద్ధం, రెండూ ఎప్పుడూ సిద్ధంగా ఉండే మనిషి. ఆ రోజు ఏ పాపం పండిందో గానీ మొదట నిజమే చెప్పాడు.

"నీది ఇద్దరు కూర్చుని వల వేసుకునే చిన్న పడవ గదన్నా. ఎనిమిది చాలు. నిండా చేపలేసుకుని గాలికి ఎదురొచ్చినా లాగతాది. మీ డ్యాంలో గాలి మొండిదంటావా, పది పెట్టుకో. ఆపైన వద్దు. మోటారుకు బలమొక్కటే గాదు, బరువు కూడా ఉంటాది. వెనక పలక ఓర్చుకోవాల గదా. పడవ ఎంతుండాదో మోటారు అంతే ఉండాల."

మామ ముఖం గంటు పెట్టుకున్నాడు. ఎనిమిది అన్న మాట ఆయనకు మా ఇంటి ఆడవాళ్ళ మీద వేసిన నింద లాగా తోచింది.

"ఏందన్నా నువ్వు చెప్పేది? ఉన్నచోటనే ఉండే బావికే మాకు ఏడున్నర పెట్టినాం. బావి యాడికీ పోదు. పడవ కదలాల, పరిగెత్తాల. పరిగెత్తేదానికి ఎనిమిదేంది? మా ఎదురింట్లో పదిహేనుండాది. మా వాకిట్లో ఎనిమిది పెట్టుకుని మేము అన్నం తినేదెట్లా?"

ఆ తర్కానికి ఇంజనీరింగ్ కాలేజీలు మూసుకోవాల్సిందే. దుకాణదారుడు చెవిలో పెన్సిలు సర్దుకున్నాడు. నిజం చెప్పి బేరం పోగొట్టుకోవడం తన వంశంలో లేదని గుర్తుకొచ్చినట్టుంది. లేచి లోపలికి పోయి, ఒక మూల టార్పాలిన్ లాగాడు. దాని కింద ఒక నల్లటి రాక్షసి తలకిందులుగా పడుకుని ఉంది. సముద్రంలో దూరం వేటకు పోయే పెద్ద పడవ నుంచి ఊడదీసిందట.

"నలభై" అన్నాడు.

అంతే. మామ ఇంకేమీ అడగలేదు. కిరోసిన్ ఎంత తాగుతుంది, ఎంత బరువుంటుంది, తన పడవ వెనక పలక ఎంత మందం, ఒక్కటీ అడగలేదు. నలభై లోంచి ఏడున్నర తీసేస్తే ఎంతో మామకు తెలియదు గానీ పదిహేను కంటే ఎక్కువని ఇట్టే తెలిసింది. దాన్ని బస్సు టాపు మీదికి ఎక్కించడానికి నలుగురు మనుషులు కావాల్సి వచ్చారు. దుకాణదారుడు తాడు బిగిస్తూ, "ముందు పక్కన ఏదన్నా బరువు పెట్టుకోన్నా, లేకపోతే ముక్కు లేస్తాది" అని, నా వైపు చూసి కన్నుగీటి నవ్వాడు. నేనూ నవ్వాను. మర్యాద తెలిసిన పిల్లను.

మొదటిసారి దాన్ని పడవకు బిగించిన రోజు కాలనీకి కాలనీ ఒడ్డున చేరింది. నిమ్మకాయ కోశారు, టెంకాయ కొట్టారు. మామ వెనక కూర్చుని తాడు లాగగానే మా నావ, పుట్టి బుద్ధెరిగి అట్లాంటి పని చెయ్యని నావ, వెనక కాళ్ళ మీద కూర్చుని ముందు కాళ్ళెత్తింది. దాని ముక్కు ఆకాశంలోకి పోయింది. అక్కడ ఎగురుతున్న కొంగలు పక్కకు తప్పుకున్నాయి. మామ వెనక పలక మీద, నీళ్ళలో నడుము దాకా మునిగి, నలభై గుర్రాల పగ్గం పట్టుకుని ఆకాశం వైపు చూస్తూ ఉన్నాడు. అదృష్టం కొద్దీ మోటారు దానంతటదే ఆగిపోయింది.

ఎదురింటాయన ఒడ్డు మీద గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. "ఏంరా అబ్బయా, పడవ కొన్నావా రాకెట్టు కొన్నావా?" అన్నాడు.

ముందు పక్కన ఇసక మూట వేస్తే పడవ తిన్నగా కూర్చుంటుందని అక్కడున్న మేకపిల్లకు కూడా తెలుసు. మామ ఒక మూట ఎత్తాడు కూడా. ఎదురింటాయన వెంటనే, "అదీ! పెద్ద మోటారు పెట్టినోడు ఇసక మొయ్యాల" అన్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మామ ఆ మూటను అక్కడే పడేశాడు. ఇక చచ్చినా ఇసక మూట వెయ్యడు. మూట వేస్తే మోటారు పెద్దదైందని ఒప్పుకున్నట్టే. ఒడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. పడవను చూశాడు, మూటను చూశాడు. చివరికి ఆయన చూపు వచ్చి నా మీద ఆగింది.

ఆ సాయంత్రం నుంచి మా మామ నన్ను ప్రేమించడం మొదలుపెట్టాడు.

అది మామూలు ప్రేమ కాదు. నెల్లూరు పోయి వచ్చేవాళ్ళ చేత మలై ఖాజా తెప్పించేవాడు. చేపల పులుసులో తలకాయ ఎప్పుడూ ఇంటి మగవాడిది. దాన్ని తన కంచంలోంచి తీసి నా కంచంలో పెట్టాడు. మా అమ్మ ఆ దృశ్యం చూసి ఏడ్చింది. తమ్ముడికి బుద్ధి వచ్చిందని దేవుడికి మొక్కుకుంది. "తినమ్మా, ఇంకో ముద్ద తిను, చిక్కిపోయినావు" అనేవాడు. నా జీవితంలో నన్ను చూసి చిక్కిపోయావన్న మనిషి అంతకు ముందూ లేడు, ఆ తర్వాతా లేడు. "బస్తా" మాయమైపోయింది. "అమ్మణ్ణి" వచ్చింది. రోజూ సాయంత్రం నన్ను పడవ ముందు పీట మీద కూర్చోబెట్టి తిప్పేవాడు. నేను కూర్చుంటే పడవ బుద్ధిగా తిన్నగా పరిగెత్తేది. గాలికి జడ వెనక్కి ఎగురుతుంటే, నీళ్ళ కింద మా చేను, మా బావి, మా చింతచెట్టు అన్నిటి మీదా మహారాణిలాగా పోయేదాన్ని. "మేనకోడలంటే ఎంత పాణమో చూడండమ్మా" అని ఒడ్డున బట్టలుతికేవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. నేను వాళ్ళకు చెయ్యి ఊపేదాన్ని.

అన్నిటికంటే పెద్ద మాట ఇంకోటి చెప్పాడు. నెల్లూరు నుంచి చేపల షావుకారు వస్తున్నాడు. డ్యాం అవతలి ఒడ్డు నుంచి కాలనీవాళ్ళందరి చేపలనూ ఐసు కరిగేలోపల ఇవతలికి చేర్చే పడవ ఆయనకు కావాలి. మామ పడవా, ఎదురింటి పడవా అన్నది ఆయన వచ్చి తేలుస్తాడు. ఆ పని తనకు దొరికిన రోజు పడవ మీద నా పేరు రాయిస్తానన్నాడు మామ. మాట మీద నమ్మకం కలగడానికి నా పేరులో మొదటి అక్షరం ముందే రాయించాడు కూడా. ముక్కు పక్కన, ఎర్ర రంగుతో, గుమ్మడికాయంత అక్షరం. "మిగతాది పనయినాక" అన్నాడు. నేను బడిలో ఆ ఒక్క అక్షరం గురించి చెప్పని పిల్ల లేదు. డ్యాంలో నా పేరుతో ఓడ తిరగబోతోందని హెడ్ మాస్టరుకు కూడా కబురు పోయింది.

ఇంట్లో ఇదంతా చూస్తూ నోరు మెదపనిది మా అవ్వ ఒక్కతే. నోరు మెదపకపోవడం ఆమెకు జబ్బు చేస్తే తప్ప జరగదు. ఆమె నాలుక తగిలి మా కాలనీలో ఎండిపోయిన కాపురాలు, కాయడం మానేసిన మునగచెట్లు ఉన్నాయి. షావుకారు వచ్చే ముందురోజు, నేను ఖాజా తింటుంటే పశువుల తొట్టి దగ్గరికి పిలిచింది. చేతిలో ఉదయగిరి నుంచి తెచ్చుకున్న చెక్క పళ్ళెం ఉంది. ఆ ఊరి చెక్క పని అంటే ఆమెకు ప్రాణం. అదే ఊరి గరిటెతో నన్ను ఎన్నిసార్లు కొట్టినా అది పగల్లేదని, ఉదయగిరి పనితనం గురించి చుట్టాలకు నన్ను నిలబెట్టి చూపిస్తూ ఉండేది.

పళ్ళేన్ని తొట్టిలో నీళ్ళ మీద తేల్చింది. రోకలికి వేసే ఇనప పొన్ను తీసి పళ్ళెం ఒక అంచున పెట్టింది. పళ్ళెం అటు ఒరిగి నీళ్ళు తాగబోయింది. అప్పుడు రెండో అంచున బెల్లం అచ్చు ఒకటి పెట్టింది. పళ్ళెం తిన్నగా నిలబడింది.

"ఏమ్మే, ఆ బెల్లం ఆడెందుకుండాది?" అని అడిగింది.

నేను బాగా ఆలోచించి, "పళ్ళేనికి బెల్లమంటే ఇష్టమవ్వా" అన్నాను.

అవ్వ నవ్వింది. ఆమె నవ్వుకు కట్టుకొయ్య దగ్గరున్న బర్రె పలుపు తెంచుకుంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఇష్టమే. చానా ఇష్టం. ఇప్పుడు చూడు" అని పొన్ను తీసేసింది. బరువు పోగానే పళ్ళెం ఇటు ఒరిగి బెల్లాన్ని నీళ్ళలోకి జార్చేసి, ఏమీ ఎరగనట్టు తేలికగా తేలింది. "దాని ఇష్టం చూసినావా?" అని అవ్వ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. ఇంకొక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. ఆమె చెప్పేది కాదు, చూసి ఆనందించేది. నేను మాత్రం తొట్టిలోకి చెయ్యి పెట్టి బెల్లం అచ్చు వెతికి పట్టుకుని, కరిగిపోయేదాకా ఆగకుండా తినేశాను. నాకు ఆ రోజు అర్థమైనది అంతే.

మర్నాడు షావుకారు జీపులో దిగాడు. దిగాడు అంటే ఆయన దిగాక జీపు ఒక జానెడు పైకి లేచింది. నాకంటే లావైన మనిషిని నేను చూడడం అదే మొదలు. కాలనీ అంతా ఒడ్డున ఉంది. అవ్వ ఒళ్ళో వేయించిన వేరుశెనక్కాయలు పోసుకుని, ముందు వరసలో చోటు పట్టుకుని కూర్చుంది. ఎదురింటాయన తన పదిహేను గుర్రాలతో పక్కన సిద్ధంగా ఉన్నాడు. నేను కొత్త గౌను వేసుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, ముందు పీట మీద కూర్చుని, షావుకారుకు నా అక్షరం కనపడేలా కొంచెం పక్కకు జరిగి ఉన్నాను.

షావుకారు పడవను చూశాడు. మోటారును చూశాడు. "పెద్దదే" అన్నాడు. మామ ఛాతీ అప్పటికే నీళ్ళ అంచుకు పోయింది. తర్వాత షావుకారు, "చూస్తే ఏం తెలస్తాది? నేనూ ఎక్కతా, పద" అన్నాడు.

వచ్చిన పెద్దమనిషికి ముందు పీట ఇవ్వడం మా మర్యాద. మామ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా వైపు తిరిగి, "దిగవే" అన్నాడు.

నాకు వినపడలేదనుకున్నాను. "మామా, నేను గూడా" అన్నాను.

"రెండు బరువులు ముందుంటే ముక్కు మునగతాది. ఆయనుండాడు గదా, నువ్వెందుకింక? దిగవే బస్తా, టయమైపోతాండాది."

రెక్క పట్టుకుని లాగాడు. గౌను మేకుకు తగులుకుని పర్రుమంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాను. షావుకారు నేను కూర్చున్న పీట మీద కూర్చున్నాడు. పడవ తిన్నగా, బుద్ధిగా, నేనున్నప్పుడు ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. దానికి తేడా తెలియలేదు. నాకు అప్పుడు తొట్టి గుర్తొచ్చింది. ఇంత పెద్ద బెల్లం అచ్చు వస్తే చిన్నది ఎందుకు? ఒడ్డున ఎవరో, "పాపం, మహారాణిని దించేసినారే" అన్నారు. అందరూ నవ్వారు. నాతో కలిసి నవ్వినవాళ్ళే, నా మీద నవ్వారు. వెనక్కి తిరిగి అవ్వను చూశాను. అవ్వ ఒక వేరుశెనక్కాయ ఒలిచి నోట్లో వేసుకుంది.

పడవ బయల్దేరింది. నిజం చెప్పాలంటే అందంగా పోయింది. నీళ్ళను రెండుగా చీల్చుకుంటూ, వెనక ఇంటి గోడంత అల లేపుకుంటూ పోయింది. ఆ చప్పుడుకు కాలనీలో రేకులన్నీ వణికాయి. షావుకారు తల ఊపుతున్నాడు. ఎదురింటాయన ముఖం వాడిపోయింది. పని మామకే అన్నది అప్పటికి ఖాయమైపోయింది. ఇంకేం కావాలి మనిషికి? కానీ ఏడున్నర ఇంట్లో పుట్టినవాడు కదా, మోటారు ఎంతో చెప్పకుండా ఉండలేడు. మామ వెనక నుంచి నాలుగు వేళ్ళు చూపించి ఏదో అరిచాడు. షావుకారు చెవి మీద చెయ్యి పెట్టాడు. మామ మళ్ళీ అరిచాడు. నలభై గుర్రాలు సకిలిస్తుంటే నలభై అన్న మాట వినపడేదెట్లా? పాపం షావుకారు మర్యాదస్తుడు. మనిషి అంత ఆశగా చెప్తుంటే వినాలి కదా అని పీట మీద నుంచి లేచాడు. లేచి, పడవ అంచు పట్టుకుని, మామ దగ్గరికి నడిచాడు.

నా వెనక నుంచి అవ్వ గొంతు వినపడింది. "బెల్లం లేచి నడిచిందే!"

ముక్కు లేచింది. షావుకారుకు వినపడాలని మామ అదే క్షణంలో మోటారును ఒక్కసారిగా తగ్గించాడు. పడవ ఆగింది. వెనక తరుముకొస్తున్న గోడంత అల ఆగలేదు. అప్పటికే నీళ్ళకు ముద్దు పెట్టేంత కిందికి దిగిన వెనక పలక మీదుగా అది లోపలికి వచ్చి, మామనూ షావుకారునూ పలకరించి, పడవ నిండా కూర్చుంది. వెనక పలక పెళ్ళున విరిగిన చప్పుడు ఒడ్డుకు వినపడింది. నలభై గుర్రాలూ పలకతో సహా నీళ్ళలోకి దూకేశాయి. అది సరిగ్గా మా బావి ఉన్న చోటు. ఏడున్నర కింద పడుకుని ఎదురుచూస్తూ ఉందేమో, నలభై పోయి దాని పక్కన చేరింది.

అక్కడ బావి గట్టు ఉండబట్టి ఇద్దరూ బతికారు. మెడ లోతు నీళ్ళలో, మా పాత బావి గట్టు మీద, ఒకరినొకరు కావలించుకుని నిలబడ్డారు. పడవ వెనకభాగం మునిగి ముక్కు ఒక్కటే నిట్టనిలువుగా పైకి తేలింది. దాని మీద ఎర్రగా, తడిసి మెరుస్తూ, నా పేరులో మొదటి అక్షరం. అంత బాగా అది ఎప్పుడూ కనపడలేదు.

వాళ్ళను తీసుకురావడానికి ఎదురింటాయన పడవే పోవాల్సి వచ్చింది. ఆయన తొందరపడలేదు. నిదానంగా ఒక చుట్టు తిరిగి, మరో చుట్టు తిరిగి, మామ తల దగ్గర ఆపాడు. "ఏంరా, నలభై గుర్రాలుండాయంటివే, యాడికి పోయినాయి మేతకు?" అన్నాడు. షావుకారును ఎక్కించుకున్నాడు. మామ ఎక్కనన్నాడు. మూడు హెచ్‌పీ వాడి పడవ ఎక్కడం కంటే మెడ లోతు నీళ్ళలో నిలబడడమే మేలనుకున్నట్టుంది. చలికి పళ్ళు కొట్టుకునేదాకా నిలబడి, ఆ తర్వాత ఎక్కాడు. ఒడ్డు మీద ఆ రోజు నవ్వని ప్రాణి లేదు. నవ్వు ఆపుకోలేక ఒకావిడకు నొప్పులొచ్చి మగపిల్లాడు పుట్టాడు.

ఒడ్డెక్కిన మామ తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. ఒంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. "నువ్వు దిగబట్టే మునిగింది! కదలకుండా నువ్వు కూర్చోనుంటే ఇదంతా జరిగేదా?" అని నెత్తిన మొట్టాడు. నొప్పి పుట్టింది గానీ, ఆ మాటకు లోపల ఎక్కడో నాకు సంతోషం వేసింది. నేను లేకపోతే పడవ మునుగుతుంది! అది నా ముఖంలో కనపడినట్టుంది. అవ్వ చూసేసింది. ఇంటికి పోయాక గరిటె తీసి వీపు మీద ఒక్కటిచ్చింది. దాంతో పాటు, "ఎగబడి నవ్వతావేమే? మునిగే పడవకు బరువు కావాల్సొచ్చింది, నువ్వు గాదు. ఆ ఇసక మూట ఒప్పుకోనుంటే నీకు ఖాజా తునక గూడా పెట్టేవాడు గాదు" అంది. మా అవ్వ నాకు జీవితంలో చెప్పిన ప్రేమ మాట అదొక్కటే. గరిటె ఆ రోజు కూడా పగల్లేదు.

చేపల పని ఎదురింటాయనకు పోయింది. మామ కొన్నాళ్ళు తల దించుకుని తిరిగి, ఉన్న గొర్రెల్ని అమ్మి, అదే దుకాణానికి పోయి ఎనిమిది హెచ్‌పీ తెచ్చుకున్నాడు. దుకాణదారుడు ఏమీ ఎరగనట్టు, "నేను ఆ పొద్దే చెప్తి గదన్నా" అన్నాడట. కొత్త పలక వేసి దాన్ని బిగించారు. ఆ రోజు ఒడ్డు మీద నిలబడి నేనూ చూశాను. పడవ ముక్కు కొంచెం, అంటే కొంచెమే, మర్యాదగా ఎత్తి తిన్నగా పోయింది. ముందు పీట ఖాళీగా ఉంది. గాలికి ఎదురుగా, చేపల బుట్టలతో కూడా హాయిగా వచ్చింది. మోటారు సరిపోయింది. మామకు ఇక ఎవరినీ ప్రేమించాల్సిన అవసరం లేకపోయింది. తలకాయ ముక్క ఆయన కంచంలోకి తిరిగి పోయింది. నేను మళ్ళీ బస్తానయ్యాను. మామ తన పెళ్ళయ్యాక పడవ మీది ఆ ఎర్ర అక్షరానికి మిగతా పేరు రాయించాడు, మా అత్తది. అదృష్టం, మొదటి అక్షరం ఒకటే. రంగు కలిసొచ్చింది.

ఇప్పుడు నేను నెల్లూరులో ఉద్యోగం చేస్తూ, సొంత ఇల్లు కట్టుకుని, అదే శరీరాన్ని ఇంకాస్త పెంచుకుని ఉన్నాను. సభల్లో పిలిచి ముందు వరసలో కూర్చోబెడతారు. చుట్టాలు శుభలేఖ ఇచ్చి మొదటి బంతిలో విస్తరి వేస్తారు. అట్లా ఎవరు కూర్చోబెట్టినా నేను కూర్చునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి, అక్కడ ఏం తగిలించారో చూస్తాను. అలవాటైపోయింది. మెడ నొప్పికి డాక్టరు దగ్గరికి పోతే ఎందుకొచ్చిందని అడిగాడు. సోమశిలలో వచ్చిందని చెప్పాను.

మొన్న మా మామ కూతురి పెళ్ళికి పోయాను. మామ ముసలివాడయ్యాడు. నన్ను చూడగానే పరుగున ఎదురొచ్చి, "అమ్మణ్ణీ" అన్నాడు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ముందు వరసలో, మంటపం ఎదురుగా, మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, "చిక్కిపోయినావమ్మా" అంటూ ఒక ప్లేటు చేతిలో పెట్టాడు. మలై ఖాజా.

ఒకటి నోట్లో వేసుకున్నాను. బాగుంది. నిదానంగా వెనక్కి తిరిగి చూశాను. నా కుర్చీ వెనక మామ కొడుకు నిలబడి ఉన్నాడు. ఇటు ఒక సూట్‌కేసు, అటు ఒక పరుపు చుట్ట. నెల్లూరులో కోచింగట. కోచింగ్ అయ్యేదాకా ఉండడానికి చోటు కావాలట. కుర్రవాడు వాళ్ళ నాయన లాగే ఛాతీని ముందు పంపి నిలబడ్డాడు.

ఖాజా నములుతూ వాడి బరువెంతో కంటితోనే తూచాను. ప్లేటులో మిగిలింది చేత్తో తీసుకుని, కుర్చీలోంచి లేచి బయటికి నడిచాను.